లినక్స్‌లో స్క్రీన్ రీడర్: ఏది ఎంచుకోవాలి?

చూపు లేనివాళ్లు కంప్యూటర్ వాడాలంటే తెర మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉండాలి. దాన్నే స్క్రీన్ రీడర్ అంటున్నాం. ఫోన్లలో టాక్‌బ్యాక్, విండోస్‌లో జాస్, ఎన్‌వీడీఏ. ఈ పేర్లు ఇప్పుడు మన అంధ విద్యార్థుల్లో చాలామందికి తెలుసు. లినక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లు దొరకరు. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు, ల్యాబ్ చూసుకునే మాస్టార్లు, పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ కొనలేక లినక్స్ ఎక్కించిన తల్లిదండ్రులు, అందరూ అడిగే మాట ఒకటే: "ఇందులో ఏ స్క్రీన్ రీడర్ మంచిదండీ?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒకటి చాలదు, రెండు ఉండాలి. కిటికీలూ బటన్లూ మెనూలూ ఉండే డెస్క్‌టాప్ కోసం ఓర్కా. అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండని నల్లతెర, అంటే కన్సోల్ కోసం, స్పీకప్ గానీ ఫెన్రిర్ గానీ. ఎందుకు రెండంటే, కంప్యూటర్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. చూపున్నవాళ్లకు అప్పుడు తెర మీద ఏదో ఒక ఎర్రర్ కనిపిస్తుంది. చూపు లేనివాళ్లకు ఏమీ వినిపించదు. మిషను ఆగిందో, పనిచేస్తూ ఊరుకుందో, స్పీకర్ వైరు ఊడిందో తెలియదు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఏ స్క్రీన్ రీడరైనా చదువుతుంది. ఏదో చెడినప్పుడు ఏది పలుకుతుందో చూసి ఎంచుకోవాలి.

అసలు లినక్సే కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాకు చాలా ఇష్టం. అయినా బ్యాంకు ఉద్యోగానికి తయారవుతూ రోజంతా ఎక్సెల్ షీట్లు సాధన చేసే అమ్మాయిని లినక్స్‌కి మారమని చెప్పను. ఆమెకు విండోస్ మీద ఎన్‌వీడీఏ చాలు. అది కూడా ఓపెన్ సోర్సే. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. స్క్రీన్ రీడర్ కోసం కంప్యూటర్ ఖరీదుకు మించి డబ్బు పోయాల్సిన రోజుల్లో, చూపు లేనివాడు కంప్యూటర్ వాడటానికి అదనంగా ఎందుకు కట్టాలి అన్న పట్టుదలతో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. కాకపోతే అది విండోస్‌లోనే నడుస్తుంది. ప్రోగ్రామింగ్, సర్వర్లు, నెట్‌వర్కులు, పరిశోధన, ఈ దారిలో వెళ్లేవాళ్లకు లినక్స్ తప్పదు. కాలేజీ ల్యాబ్‌లో లినక్సే ఉంటే పిల్లవాడికి వేరే దారి ఉండదు. ఈ మాటలు వాళ్ల కోసం.

లినక్స్‌లో స్క్రీన్ రీడర్ అన్నది ఒంటరిగా పనిచేయదు. మీరు ఫైర్‌ఫాక్స్‌లో ఒక లింకు మీదికి వెళ్లారనుకోండి. "నేను లింకుని, నా పేరిది" అని ఫైర్‌ఫాక్స్ చెప్పాలి. ఆ సంగతిని ఏటీ-ఎస్‌పీఐ అనే వ్యవస్థ మోసుకొచ్చి ఓర్కాకి అందించాలి. ఓర్కా దాన్ని వాక్యంగా కూర్చి స్పీచ్ డిస్పాచర్‌కి ఇవ్వాలి. అది ఈస్పీక్ లాంటి గొంతుకి పంపాలి. అక్కడ తయారైన ధ్వని సౌండ్ సర్వర్ మీదుగా స్పీకర్‌కి చేరాలి. కాలువ చివరి ఆయకట్టు రైతు పరిస్థితే వినేవాడిది. పైన ఏ తూము మూసుకున్నా ఎండేది అతని మడే. అందుకే "ఓర్కా పనిచేయడం లేదు" అని ఎవరైనా అంటే నేను వెంటనే ఓర్కాని అనుమానించను. ఎస్‌పీడీ-సే అని ఒక చిన్న కమాండ్ ఉంది. దాని పక్కన ఒక మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ మాట పలకాలి. పలికితే గొంతు, సౌండ్ బాగున్నట్టే, తప్పు పైన ఎక్కడో ఉంది. పలకకపోతే ఓర్కాని ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా లాభం లేదు.

ఇక ఓర్కా సంగతి. గ్నోమ్ డెస్క్‌టాప్‌కి మొదట్లో గ్నోపర్నికస్ అనే స్క్రీన్ రీడర్ ఉండేది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఓర్కా 2006లో, గ్నోమ్ 2.16తో, దాని స్థానంలోకి వచ్చింది. సన్ కంపెనీకి ఈ పని మీదే జీతం తీసుకునే బృందం ఉండేది. 2010లో ఒరాకిల్ సన్‌ని కొనేశాక ఆ బృందం చెదిరిపోయింది. ఓర్కా అక్కడితో ఆగిపోవాల్సిందే. జోన్‌మేరీ డిగ్స్ అనే ఆమె దాన్ని భుజాన వేసుకుని, స్పెయిన్‌లోని ఇగాలియా సంస్థ తరఫున ఇన్నేళ్లుగా నడిపిస్తూ వస్తున్నారు. ఉచితంగా దొరికేదంతా ఎవరి కష్టమూ లేకుండా వస్తుందని మనం అనుకుంటాం. ప్రపంచంలో లినక్స్ డెస్క్‌టాప్ వాడే అంధులు దాదాపు అందరూ ఆధారపడుతున్న సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది చేతుల్లోనే ఉంది. ఇది తలుచుకుంటే నాకు వాళ్ల మీద గౌరవమూ, ఈ ఏర్పాటు మీద బెంగా రెండూ కలుగుతాయి.

ఉబుంటులో గానీ, గ్నోమ్ ఉన్న మరే లినక్స్‌లో గానీ సూపర్, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఓర్కా మాట్లాడటం మొదలుపెడుతుంది. సూపర్ అంటే విండోస్ గుర్తు ఉండే కీ. లాగిన్ తెర దగ్గర కూడా ఇది పనిచేస్తుంది. పాస్‌వర్డ్ కొట్టడానికి పక్కవాళ్లను పిలవక్కర్లేదు. పెద్ద కీబోర్డులో ఇన్సర్ట్, ల్యాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ ఓర్కా కీగా ఉంటుంది. ఆ కీతో పాటు హెచ్ నొక్కితే నేర్చుకునే మోడ్ వస్తుంది. అప్పుడు ఏ కీ నొక్కినా అదేం చేస్తుందో చెబుతుంది తప్ప ఆ పని జరగదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అందులో ఒక పూట గడిపితే భయం పోతుంది. ఓర్కా కీతో స్పేస్ నొక్కితే సెట్టింగులు. గొంతు వేగం, కామాలూ బ్రాకెట్లూ ఎంతవరకు చదవాలి అన్నవి అక్కడే. కథలు చదువుకునేవారికి విరామచిహ్నాలు తక్కువ చాలు. ప్రోగ్రామ్ రాసే విద్యార్థికి ప్రతి సెమీకోలనూ వినిపించాలి. ఈ రెంటికీ విడివిడిగా ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు.

ఓర్కా ఒక్కటే అయినా అది నడిచే డెస్క్‌టాపులు చాలా ఉన్నాయి. అసలు ఎంపిక అక్కడుంది. పాత మిషను, నిలకడ కావాలి అనుకుంటే మాటే డెస్క్‌టాప్ తీసుకోమంటాను. మెనూలు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి, కీబోర్డుతో అన్నిటికీ చేరుకోవచ్చు. అంధుల కోసం కేరళలో తయారైన యాక్సెసిబుల్ కోకోనట్ కూడా ఉబుంటు మాటే మీద కట్టిందే. కొత్త మిషనైతే గ్నోమ్. తేలిగ్గా నడుస్తాయని పేరున్న చిన్న చిన్న విండో మేనేజర్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. వాటిలో చాలావాటికి ఓర్కాతో మాట్లాడటం రాదు. ప్యానెల్ మీదికి వెళ్లినా ఒక్క మాట వినిపించదు.

గ్నోమ్ విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. లినక్స్ ప్రపంచం ఎక్స్ అనే పాత తెర వ్యవస్థను వదిలి వేలాండ్ అనే కొత్తదానికి మారుతోంది. ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ మీటలను దొంగచాటుగా వినకూడదని వేలాండ్ పెట్టిన కట్టుబాటు భద్రతకు మంచిదే. కానీ స్క్రీన్ రీడర్ చేసే పనే మీటలను వినడం! దాంతో కొన్నేళ్లు ఓర్కా కీలు అక్కడ సరిగ్గా పనిచేయక జనం ఇబ్బంది పడ్డారు. 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48తో అది చాలావరకు తీరింది. కాబట్టి వేలాండ్ వాడేవాళ్లు గ్నోమ్ 48 గానీ, ఆ తర్వాతది గానీ తీసుకోవాలి. ఎవరో పాత డీవీడీ ఇచ్చారని అదే ఎక్కించకండి. తలుపులకు తాళం వేసేటప్పుడు ఇంట్లో చూపు లేనివాళ్లు కూడా ఉన్నారని ముందే గుర్తుకొస్తే ఇన్నేళ్ల అవస్థ ఉండేది కాదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో స్క్రీన్ రీడర్ దగ్గరికి వద్దాం. డెబియన్ లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి పెన్‌డ్రైవ్ పెట్టి మిషను ఆన్ చేస్తే బూట్ మెనూ రాగానే బీప్ వినిపిస్తుంది. అప్పుడు ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కాలి. కొద్దిసేపటికి ఒక యంత్రం గొంతు ఇంగ్లీషులో భాషల పట్టిక చదవడం మొదలుపెడుతుంది. ప్రశ్న చదువుతుంది, పక్కన అంకెలు చదువుతుంది, మీరు అంకె కొట్టి ఎంటర్ నొక్కుతారు. అలా డిస్కు విభజన దగ్గర నుంచి పాస్‌వర్డ్ దాకా చూపున్న మనిషి అవసరం లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఎక్కించుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ గొంతు కొత్త సిస్టమ్‌లోకి కూడా వెంట వస్తుంది. తన కంప్యూటర్‌ని తానే మొదటి నుంచి సిద్ధం చేసుకున్న కుర్రాడి ముఖంలో కనిపించే ధీమా కోసమైనా మాస్టార్లు ఈ పని విద్యార్థి చేతనే చేయించాలి.

అక్కడ పలికేది స్పీకప్. కర్క్ రైజర్ అనే కెనడా ఆయన మొదలుపెట్టినది. ఇది లినక్స్ కెర్నెల్ లోపలే ఉంటుంది. 2010లో కెర్నెల్‌లోని స్టేజింగ్ విభాగంలో, అంటే ఇంకా పరీక్షలో ఉన్నవాటి వరుసలో చేరి, అక్కడే పదేళ్లు కూర్చుని, 2020లో 5.9 వెర్షన్‌తో పూర్తి స్థాయి భాగమైంది. డెస్క్‌టాప్ కుప్పకూలినా ఇది బతికే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్3 నొక్కి కన్సోల్‌లోకి వెళితే అది లాగిన్ అడుగుతుంది, స్పీకప్ దాన్ని చదువుతుంది. న్యూమరిక్ కీప్యాడ్ మీద ఎనిమిది నొక్కితే ఉన్న వరుస, ఏడు నొక్కితే పై వరుస, తొమ్మిది నొక్కితే కింది వరుస. నాలుగు, అయిదు, ఆరు పదాలకు. ఒకటి, రెండు, మూడు అక్షరాలకు. ఓర్కాలో తెరను సమీక్షించడానికి పెద్ద కీబోర్డులో ఉన్న అమరిక కూడా ఇదే. ఒకచోట వేళ్లకు అలవాటైంది రెండోచోట వృథా పోదు. అందుకే చూపు లేని విద్యార్థికి కీబోర్డు కొనేటప్పుడు అంకెల కీప్యాడ్ ఉన్నదే కొనమంటాను. ల్యాప్‌టాప్‌కైనా సరే, విడిగా ఒక యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోవడం మేలు.

ఫెన్రిర్ కూడా కన్సోల్ కోసమే. పైథాన్‌లో రాసినది, కెర్నెల్‌ని ముట్టుకోదు, సెట్టింగులు మార్చుకోవడం సులువు. మామూలు వాడకానికి స్పీకప్, సొంతంగా మార్పులు చేసుకునే సరదా ఉన్నవాళ్లకి ఫెన్రిర్. దీని మీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

అయితే రెండు స్క్రీన్ రీడర్లు ఒకే మిషన్లో ఉంటే చిక్కు వచ్చేది సౌండ్ దగ్గర. డెస్క్‌టాప్‌లోని సౌండ్ సర్వర్, అంటే పల్స్ ఆడియో గానీ పైప్‌వైర్ గానీ, సౌండ్ కార్డుని పట్టుకుని కూర్చుంటే కన్సోల్ గొంతుకి అది దొరకదు. కన్సోల్‌లోకి వెళ్లగానే అంతా మూగ. కొన్ని మిషన్లలో ఇది అస్సలు రాదు, కొన్నిట్లో తప్పకుండా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజే డెస్క్‌టాప్‌లో ఒక పాట పెట్టి, కన్సోల్‌కి మారి, అక్కడ గొంతు వస్తోందో లేదో చూసుకోవాలి. రాకపోతే, ఇయర్‌ఫోను పెట్టే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కన్సోల్‌కి కేటాయించడం అందరికీ చేతనయ్యే ఉపాయం.

డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టేవాళ్లకూ ఒక హెచ్చరిక. మిషను లేచేటప్పుడు అది పాస్‌వర్డ్ అడిగే సమయానికి సౌండ్ ఇంకా లేవదు. మామూలుగా ఏ స్క్రీన్ రీడరూ పలకదు. ఎప్పుడు అడిగిందో, తప్పు కొడితే తప్పని అన్నదో ఏదీ తెలియదు. భద్రత పేరుతో కాలేజీలో అన్ని ల్యాప్‌టాపులకూ ఒకే తీరున పెట్టేసే ముందు చూపు లేని విద్యార్థిని అడగాలి.

చెవులతో పని లేని స్క్రీన్ రీడర్ కూడా ఉంది. బీఆర్‌ఎల్‌టీటీవై అనే ఈ సాఫ్ట్‌వేర్ 1995 నుంచి ఉంది. తెర మీది అక్షరాలను బ్రెయిలీ డిస్‌ప్లే మీద చుక్కలుగా లేపుతుంది. చూపుతో పాటు వినికిడి కూడా లేనివాళ్లకు ఇదొక్కటే దారి. మన ఇంజనీరింగ్ ల్యాబుల్లో దీనికి ఒక అన్యాయం జరుగుతోంది. చవక ఆర్డుయినో బోర్డుల్లో ఉండే సీహెచ్340 అనే చిప్పుని, ఉబుంటు 22.04లో ఇది బ్రెయిలీ పరికరం అనుకుని పట్టేసుకునేది. బోర్డు కనిపించక విద్యార్థులు వెతికితే దొరికే సలహా ఒక్కటే: బీఆర్‌ఎల్‌టీటీవైని తీసేయండి. ల్యాబ్ మిషన్లన్నిట్లోనూ తీసేస్తారు. రేపు బ్రెయిలీ డిస్‌ప్లే పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి కూర్చుంటే చుక్క కూడా లేవదు. గుర్తుపట్టే నియమాల ఫైల్లో ఆ ఒక్క చిప్పు వరుసని పనిచేయకుండా చేస్తే చాలు, మొత్తం తీసేయక్కర్లేదు. ల్యాబ్ మాస్టార్లు ఈ ఒక్క మార్పు గుర్తుపెట్టుకుంటే నాకెంతో సంతోషం.

ఈమాక్‌స్పీక్ అనే మరో సాఫ్ట్‌వేర్ గురించి చెప్పకుండా ముగించలేను. దీన్ని తయారుచేసిన టి. వి. రామన్ పుణెలో పెరిగారు. గ్లాకోమాతో పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో, తర్వాత అమెరికాలో కార్నెల్‌లో చదివి, గణిత గ్రంథాలను ధ్వనిగా ఎలా వినిపించాలన్న దాని మీద 1994లో డాక్టరేట్ తీసుకున్నారు. మరుసటి ఏడాదే ఈమాక్‌స్పీక్ విడుదలైంది. ఆయన ఆలోచన మిగతావాళ్లకు భిన్నం. తెర మీద ఉన్నదాన్ని చదవడం ఎందుకు, ప్రోగ్రామ్‌కి తెలిసిన అర్థాన్నే చెప్పవచ్చు కదా అన్నారాయన. క్యాలెండర్‌నే తీసుకోండి. మామూలు స్క్రీన్ రీడర్ అక్కడికి వెళితే ఆ వరుసలో ఉన్న అంకెలన్నీ గుక్కతిప్పుకోకుండా చదువుతుంది. ఏ అంకె ఏ వారమో మీరే లెక్కగట్టుకోవాలి. ఈమాక్‌స్పీక్ ఆ ఒక్క తేదీని వారం, నెల, సంవత్సరంతో సహా చెబుతుంది. ప్రోగ్రామ్ చదివేటప్పుడు కామెంట్లు ఒక గొంతులో, కోడ్ మరో గొంతులో వినిపిస్తుంది. నేర్చుకోవడం కష్టమే, ఈమాక్స్ అనే ఎడిటర్ మొత్తం నేర్చుకోవాలి. అయినా రోజుకి ఎనిమిది గంటలు కోడ్ రాయబోయే విద్యార్థికి ఆ కష్టం తిరిగి వస్తుంది.

ఇక మన తెలుగు. ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది. తొలిసారి విన్నవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఎవరో మనిషి చదివి రికార్డు చేసినది కాదది, లెక్కల ప్రకారం పుట్టించిన ధ్వని. కానీ గొంతు ఎంపిక చూపున్నవాళ్ల చెవికి వదిలేయకూడదు. రోజంతా వినేవాళ్లు వేగం పెంచుకుంటూ పోతారు. అలవాటైనవాళ్లు వినే వేగంలో మనకు ఒక్క ముక్క అర్థం కాదు. మనిషి గొంతులా తియ్యగా ఉండే కొత్తరకం గొంతులు ఆ వేగంలో మాటలు మింగేస్తాయి, మీట నొక్కాక ఒక క్షణం ఆగి మొదలవుతాయి. బాణం కీతో వరుసలు దాటేవాడికి ఆ క్షణమే భరించలేనిది. ఈస్పీక్ నొక్కగానే పలుకుతుంది, ఎంత వేగంలోనైనా అక్షరం చెదరదు. నవల వినడానికి తియ్యటి గొంతు, పనికి ఈస్పీక్. ఓర్కాలో తెలుగుకి ఒక ప్రొఫైల్, ఇంగ్లీషుకి ఒకటి చేసుకుంటే సులువుగా మారవచ్చు. బ్రెయిలీ చదివేవాళ్లకి, 1951లో కుదిరిన భారతి బ్రెయిలీ ప్రకారం తెలుగు పట్టిక లిబ్లూయీ అనే లైబ్రరీలో ఉంది.

అయితే గొంతు ఎంత బాగున్నా చదవడానికి అక్షరాలు ఉండాలి కదా. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, మన కంటికి తెలుగే, కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ అర్థంలేని కూతలు వినిపిస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వులను స్కాన్ చేసి ఫొటోలుగా పెడితే అసలేమీ వినిపించదు. టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు ముద్రణను గుర్తుపట్టడం వచ్చు, దాన్ని ఓర్కాతో సులువుగా వాడుకునేలా చేసే లియోస్ అనే ప్రోగ్రామ్ కూడా ఉంది. కానీ ఒక జీవో చదువుకోవడానికి పౌరుడు ఇన్ని తంటాలు ఎందుకు పడాలి? ఎలక్ట్రానిక్ రూపంలో ఇచ్చేది అందరికీ అందుబాటులో ఉండేలా చూడమని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలుని అలాగే పెట్టడానికి ఏ కార్యాలయానికీ అదనపు ఖర్చు లేదు.

చివరగా, ఇంట్లోనో ల్యాబ్‌లోనో ఏర్పాటు చేసేవాళ్లకి ఒక పద్ధతి. అన్నీ ఎక్కించాక మానిటర్ ఆపేయండి. మిషను ఆన్ చేసి లాగిన్ అవ్వండి, ఒక ఉత్తరం టైపు చేసి సేవ్ చేయండి, వైఫై మార్చండి, అప్‌డేట్ చేయండి. తర్వాత కావాలనే ఓర్కాని చంపేసి మళ్లీ బతికించండి. ఆల్ట్, ఎఫ్2 నొక్కి, ఓర్కా అని రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలూ రీప్లేస్ అన్న మాటా కొట్టి ఎంటర్ నొక్కితే అది తిరిగి లేస్తుంది. లేవకపోతే కన్సోల్‌కి వెళ్లి స్పీకప్ గొంతుతో లాగిన్ అయి, మిషనుని సవ్యంగా రీస్టార్ట్ చేయడం వరకు వాడేవాళ్లే స్వయంగా చేయగలగాలి. మీరు చేసి చూపించడం కాదు, కీబోర్డు వాళ్ల చేతికిచ్చి వాళ్ల చేత చేయించండి. గొంతు వేగమెంత, ఏ డెస్క్‌టాప్, కన్సోల్‌లో స్పీకపా ఫెన్రిరా అన్నది ఆ పూట వాళ్లే తేల్చి చెబుతారు.